ద్రాక్షారసంలో ఉప్పు

మేరి మాట్లాడటం మానేసింది. ఆ మానెయ్యడం ఎంత గట్టిగా వినిపిస్తోందంటే, పక్కింటి కనకలక్ష్మి తన టీవీ సౌండు పెంచుకుంది.

వంటింట్లో గిన్నెలు మాత్రం మాట్లాడుతున్నాయి. హాల్లో ఆమె భర్త ప్రసన్న కుమార్ ఒక్కో చప్పుడికీ అర్థం చెప్పుకుంటూ పేపరు వెనక దాక్కున్నాడు. పొద్దుట నుంచి ఒకటే టెండరు ప్రకటన చదువుతున్నాడు. కరెంటాఫీసు ఉద్యోగం పోతే ఆ టెండరు తనే వేసుకోగలడు.

గొడవంతా హాలు మూలన స్టూలు మీద కూర్చుని ఉంది. కొత్త స్టీలు క్యాను. తళతళా మెరుస్తోంది. మూత కింద పేర్లు చెక్కించారు: ధనరాజు, అబిగేలు, డిగ్లీపూర్. పక్కనే నేల మీద మేరి క్యాను, పాతది. దాని మీద కూడా మొగుడూపెళ్ళాల పేర్లు చెక్కించారు గానీ, ఇప్పుడు ప్రసన్న కుమార్ పేరు ఒక్కటే కనిపిస్తుంది. మేరి పేరు ఉన్న చోట సొట్ట ఉంది.

రెండో క్యాను ఈ ఇంట్లోకి రావడం ఇదే మొదటిసారి. అండమాన్లోని ఈ చౌల్దారీ ఊళ్ళో, ఇంటి పెరట్లో కాసిన ద్రాక్షతో మేరి తీసిన రసమే ఏటా టౌన్లో డైరీ ఫార్మ్ పేట చర్చికి క్రిస్మస్ బల్లకి వెళ్ళేది. ప్రభువు బల్ల ముందు మోకరించిన ప్రతివాళ్ళూ మేరి చేతి రసం ఒక చుక్క తాగి లేచేవాళ్ళు. పాటల గుంపులో మేరికి చోటు లేదు, గొంతు అలాంటిది. స్త్రీల సమాజంలో పదవి లేదు, నోరు అలాంటిది. ఆ ఒక్క చుక్కే సంఘంలో ఆమె హోదా.

అక్టోబరులో పాస్టరు కృపానందం అయ్యగారు కూటాలకని డిగ్లీపూర్ వెళ్ళారు. అక్కడ మేరి తోటికోడలు అబిగేలు ఇంట్లో ఒక గ్లాసు ద్రాక్షారసం తాగి వచ్చారు. వచ్చిన ఆదివారమే ప్రసంగం మధ్యలో, చదివిన వాక్యానికి ఏ సంబంధమూ లేకుండా, దాన్ని పొగిడారు. నాలిక చివర ఏదో కొత్త రుచి ఉందన్నారు. సముద్రం గుర్తొచ్చిందన్నారు. ఈసారి రెండు క్యానులూ తెప్పిద్దాం, పెద్దమ్మగారు, అంటే మేరి అత్తగారు దేముడమ్మ, రుచి చూసి దేని మూతకి తెల్లగుడ్డ కడితే అదే బల్లకి వెళ్తుందన్నారు.

ఇదే అయ్యగారు ఒకప్పుడు మేరితో, రసం బాగుందమ్మా, కాస్త ఉప్పు తగులుతోందేమో అన్నారు. ఆ మాటని మేరి ఇప్పటికీ రోజూ బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టుకుంటుంది.

నిజానికి ఆ ఉప్పు మేరిది కాదు, నేలది.

మామగారు గవరయ్య బతికున్న రోజుల్లో మద్రాసు షిప్పులో ఒక ద్రాక్ష కొమ్మని తడిగుడ్డ చుట్టి తెచ్చాడు. అండమాన్లో ద్రాక్ష కాస్తుందని ఎవరైనా అంటే, వ్యవసాయ శాఖవాళ్ళు ఆ మనిషిని నీడలో కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు. ఇక్కడ వాన ఏడాదికి రెండే సార్లు కురుస్తుంది. మే నెలలో మొదలై డిసెంబరు దాకా కురిసేది ఒకటి. మిగిలిన నెలల్లో అలవాటు తప్పకుండా ఉండటానికి కురిసేది ఇంకొకటి. అయినా దేముడమ్మ ఆ కొమ్మని బతికించింది. చిన్నకొడుకు ధనరాజు డిగ్లీపూర్‌లో కాపురం పెట్టినప్పుడు అందులోంచే ఒక ముక్క కోసి ఇచ్చింది.

తీగ ఒకటే. నేలలే వేరు. సునామీ నాడు చౌల్దారీ వైపు నేల కుంగింది. పొలాల్లోకి వచ్చిన ఉప్పునీళ్ళు తిరిగి వెళ్ళే దారి మర్చిపోయి అక్కడే కాపురం పెట్టాయి. మేరి పెరడు ఆ పొలం గట్టునే ఉంది. వానాకాలమంతా ఉప్పు కిందికి దిగి పడుకుంటుంది. ఎండలు ముదిరి కాయ రంగు తిరిగే వేళకి లేచి పైకొస్తుంది. డిగ్లీపూర్ వైపు అదే రోజు నేల పైకి లేచింది. అబిగేలు ఇల్లు కొండవాలు మీద, ఎర్రమట్టిలో. పడిన నీళ్ళు పడినట్టే జారిపోతాయి, కొండగాలికి ఆకు తొందరగా ఆరుతుంది. అక్కడి కాయ చిన్నది, తీపి.

అప్పటికి అబిగేలు ఈ ఇంటి కోడలు కూడా కాదు. చాలా ఏళ్ళ తరువాత వచ్చింది. అయినా ఆమె వస్తుందని భూమికి ముందే తెలిసి లేచి నిలబడిందని, తనని చూసి మాత్రం చతికిలపడిందని మేరి నమ్మకం. భూకంపం మీద కూడా అసూయ పడగల మనిషి ఈ దీవుల్లో ఇంకొకరు లేరు.

ప్రసన్న కుమార్ చివరికి పేపరు మడిచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. ఇన్నేళ్ళ కాపురం అతనికి గుమ్మం విలువ నేర్పింది.

"ఏటయ్యింది మేరీ?"

"ఏటీ అవలేదు."

"మరా గిన్నె ఎందుకలా ఇసిరేసావు?"

"చేతిలోంచి గిర్ గయా."

"మూడోసారి గిర్ గయా." అతను గొంతు తగ్గించాడు. "అరే, చోడ్ దో, వదిలెయ్. ఒక్క క్యాను రసానికి ఇంత తమాషా ఎందుకు. అబిగేలు బిచారీ, తమ్ముడేమో షిప్పు మీద, ఒక్కర్తే అంత దూరం బస్సులో ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చింది."

బిచారీ.

మేరి చేతిలో గరిటె గాల్లో ఆగింది. ఈ ఇంటికి వచ్చాక తను ఎన్నోసార్లు బిచారీ అయింది. జ్వరాల్లో అయింది. నీళ్ళు రాని వేసవుల్లో అయింది. అత్తగారికి తుంటి విరిగిన ఏడాది పొడుగునా అయింది. ఒక్కసారి కూడా అతను ఆ జాలి మాట వాడలేదు. ఇన్నాళ్ళూ భద్రంగా దాచి, చెక్కు చెదరకుండా డిగ్లీపూర్ మనిషికి ఇచ్చాడు.

"మరింకేటి, బిచారీకి కాళ్ళు పట్టండి," అంది.

అతను మళ్ళీ టెండరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అబిగేలు వెనక మెట్టు మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఎవరూ ఒలవమనలేదు. బస్సు దిగిన దగ్గర్నుంచి ఏదో ఒక పని వెతుక్కుని చేస్తూనే ఉంది. ఆ మంచితనానికి మేరికి ఊపిరాడటం లేదు. జడ చూస్తే మోకాలి దాకా ఉంది. ఆమె ఒలిచిన ఉల్లిపాయలు కూడా మేరి ఒలిచిన వాటికన్నా తెల్లగా ఉన్నాయి.

"మీ తీగ ఈ ఏడు బాగా కాసిందా?" అని మేరి అడిగింది. రెండు రోజుల్లో తోటికోడలితో అన్న మొదటి మాట అదే.

"ఆఁ... ఏదో, కాసింది అక్కా."

మాది సగం చిలకలపాలే అని మేరి మొదలుపెట్టింది. మొదలుపెడితే ఆపడం ఆమెకి రాదు. మూడేళ్ళ నుంచీ ఇదే వరస. సాయంత్రం గుత్తులు లెక్కపెట్టి పడుకుంటే, పొద్దున్నకి వాటి తొడిమలు కత్తెరతో కోసినట్టు ఉంటాయి. డబ్బాలు కట్టింది, అద్దాలు వేలాడదీసింది. పోయినేడు మొగుడి నీలంరంగు ఆఫీసు చొక్కా కర్రలకి తొడిగి తీగ పక్కన నిలబెట్టింది. ఆ బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే, కరెంటు పోయిందని ఫిర్యాదు చెయ్యడానికి వచ్చిన ఒకాయన దాని ముందు నిలబడి కష్టమంతా చెప్పుకుని, జవాబు రాకపోయేసరికి ఆఫీసు పద్ధతే ఇంత అనుకుని వెళ్ళిపోయాడు. చిలకలు మాత్రం భయపడలేదు.

అబిగేలు చేతిలో కత్తి ఆగింది.

"చిలకలా అక్కా?"

"చిలకలే. మీ బావగారు కళ్ళారా చూసారంట."

ఆ తరువాత అబిగేలు ఉల్లిపాయ మీద ఎక్కడలేని శ్రద్ధ చూపించింది. పొట్టు అయిపోయినా ఒలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న అయ్యగారు వస్తారనగా అబిగేలు తలంటుకోవడానికి వెళ్ళింది. ఆ జుట్టు తడవడానికే ఒక ట్యాంకు నీళ్ళు కావాలి. దేముడమ్మ మంచం మీద కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంది. ప్రసన్న కుమార్ మిఠాయి తేవడానికి బయటికెళ్ళాడు.

మేరి రెండు క్యానుల ముందూ నిలబడింది.

ఆలోచన నిన్న రాత్రే వచ్చింది, ఇప్పుడు కాళ్ళు కూడా వచ్చాయి. తన రసం అబిగేలు క్యానులో పోస్తే సరి. అయ్యగారు ఎలాగూ ఆ క్యానే గెలవాలని చూస్తున్నారు. అది గెలిస్తే, ఎవరికీ తెలియకపోయినా, బల్ల మీద ఉండేది చౌల్దారీ రసమే. ఒకవేళ అత్తగారు ఉప్పుగా ఉందని పక్కన పెడితే, ఆ పేరు అబిగేలుకి పోతుంది. ఎటు తిరిగినా తనకి నష్టం లేదు. ఇంత మంచి ఉపాయం దేవుడే ఇచ్చి ఉంటాడని కూడా ఒక క్షణం అనిపించింది. అంతలోనే ఇది ఎవరిచ్చిన ఉపాయమో అర్థమై, ఆ దారిలో ఆలోచించడం మానేసింది.

రెండు క్యానుల్లోది ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చాలంటే మూడో గిన్నె కావాలి. పాపానికి కూడా పాత్రసామాను కావాలని మేరికి ఆ రోజే తెలిసింది. పెద్ద కుక్కరు కడిగి తుడిచి తెచ్చింది.

పోస్తున్నంతసేపూ డిగ్లీపూర్ రసం ముక్కు కింద నుంచే పోయింది. వేలి మీద ఒక చుక్క కూడా పడింది. నాకి చూడొచ్చు. చూడలేదు. బాగుంటుందేమోనని భయం. వేలు కొంగుకి తుడుచుకుని మూతలు పెట్టేసింది.

అయ్యగారు వచ్చారు. వందనాలయ్యాయి. ప్రార్థన అయింది. ప్రార్థనలో ఆయన నేలనీ, వాననీ, ఎండనీ, డిగ్లీపూర్ బస్సునీ కూడా తలుచుకున్నారు. మేరి అన్నిటికీ ఆమేన్ అంది, బస్సుకి తప్ప.

దేముడమ్మని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె కళ్ళకి పొర కమ్మి చాలాకాలమైంది. క్యాను కొత్తదో పాతదో ఆమెకి తెలియదు. ఒళ్ళో తెల్లగుడ్డ పెట్టుకుంది. అది ఏ మూతకి కడితే ఆ క్యాను డైరీ ఫార్మ్‌కి బయలుదేరుతుంది. ఈ తీగ పెట్టిన చెయ్యి ఆమెది. ఆమె నోటికి ఆనకుండా రసం గుమ్మం దాటకూడదన్నది గవరయ్య పెట్టిన పద్ధతి.

మొదట మెరిసే క్యాను. అబిగేలే స్వయంగా చిన్న గ్లాసులో పోసి అందించింది. దేముడమ్మ ఒక గుక్క తీసుకుని నోట్లో అలాగే ఉంచుకుంది. మేరి గడియారం వైపు చూసింది. గడియారం కూడా ఆగి చూస్తున్నట్టే ఉంది.

"ఇది సౌల్దారీది," అంది దేముడమ్మ.

అయ్యగారు నవ్వారు. "కాదమ్మగారూ, ఇది డిగ్లీపూర్ క్యాను. మీ చిన్నకోడలిది."

"క్యాను సంగతి నాకు తెల్దయ్యగారూ. నా నోట్లో ఉన్నది సౌల్దారీది. ముందు పులుపు, ఎనకాల ఉప్పు. ఇది నీళ్ళు నిలబడిన నేల. కొండ మీద కాయకి ఈ ఉప్పెక్కడ్నించొస్తాది?"

మేరి కాళ్ళ కింద చౌల్దారీ ఇంకో జానెడు కుంగింది. దొరికిపోయానని తెలిసి ముందు అబిగేలు వైపే చూసింది. కోపం ఉంటుందనుకుంది. క్యాను మార్చేశావా అక్కా అని అరుస్తుందనుకుంది.

అబిగేలు మొహంలో కోపం లేదు. భయం ఉంది. మిఠాయి పళ్ళెంతో వచ్చిన ప్రసన్న కుమార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎవరూ ఏమీ అనకముందే, బైకుకి స్టాండు వేశానో లేదో అన్నాడు.

వీళ్ళిద్దరి భయం ఎందుకో మేరికి అర్థం కాలేదు. మార్చింది తను కదా.

పెద్దవాళ్ళకి నాలిక ఒక్కోసారి అంతేనని అయ్యగారు సర్దిచెప్పి, రెండోది ఇమ్మన్నారు. మేరి సొట్టక్యాను వంచి పోసింది. జవాబు సిద్ధం చేసుకుంది. అత్తయ్య ఇది డిగ్లీపూర్‌ది అనగానే, చూసారా అయ్యగారూ, అత్తయ్యకి రెండూ తారుమారైపోతున్నాయి అనాలి. నవ్వుతూ అనాలి.

దేముడమ్మ తాగింది. ఈసారి ఆలోచించను కూడా లేదు.

"ఇదీ సౌల్దారీదే. అదే తీగ, అదే నేల."

"ఇది మాత్రం సరిగ్గా చెప్పారు," అని అయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు.

మేరికి ఊపిరి అందలేదు. ఆ సొట్టక్యానులో ఉన్నది చౌల్దారీది కాదు. అబిగేలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. తను స్వయంగా తన చేతులతో పోసింది. వంటింట్లో కుక్కరే సాక్షి.

మరి అందులోకి చౌల్దారీ ఎలా వచ్చింది?

అడగాలంటే నోరు విప్పాలి. నోరు విప్పితే కుక్కరు సంగతి బయటికొస్తుంది. జీవితంలో మొదటిసారి మేరి నోరు, ఎంతో పని ఉండి కూడా, ఖాళీగా కూర్చుంది.

ఆమె బదులు అబిగేలు నోరు విప్పింది. పట్టుబడింది తన క్యానేనని అనుకుంది పాపం.

"అత్తయ్య చెప్పింది నిజమే అక్కా. నా క్యానులోది మీ ద్రాక్షే."

కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెప్పుకుపోయింది.

"ఏప్రిల్లో మాకు వానలు పట్టుకున్నాయి. కాయ రంగు తిరిగే టైముకి గుత్తి గుత్తంతా కుళ్ళిపోనాది. మా సంఘం బల్లకి నేనే ఇవ్వాలి. ఫోన్లో ఏడిచేసాను. బావగారు లైను పనికని అటొచ్చినప్పుడు రెండు డబ్బాలు తెచ్చిచ్చారు. తరవాత అయ్యగారొచ్చి మెచ్చుకున్నారు. అప్పుడెలా చెప్పను?"

అయ్యగారు ఏదో అనబోయి, తను అంతమంది ముందు పొగిడిన సముద్రపు రుచి ఏ ఊరిదో లెక్క కట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయారు.

"నన్నెందుకు అడగలేదు?" అంది మేరి.

"అడిగితే ఇచ్చేదానివా అక్కా?"

మేరి నిజాయితీగానే ఆలోచించింది. ఇచ్చేది కాదు.

దేముడమ్మ గుడ్డ తీసి, చేతికి ముందు తగిలిన సొట్టక్యానుకి కట్టేసింది. "ఎవులు పిండితేనేటి, ఎవులు మోస్తేనేటి. నేల దాక్కోదు," అని లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అలా మేరి గెలిచింది. రెండు క్యానుల్లోనూ ఆమె తోటే. అయ్యగారు సముద్రమని మెచ్చుకున్నదీ, ఉప్పని వంక పెట్టినదీ ఒకే తీగ. ఇలాంటి రోజు వస్తే ఎవరెవరికి ఎలా వినిపించాలో ఆమె ఎప్పుడో తయారుచేసి పెట్టుకుంది. ఇప్పుడు అందులో ఒక్క ముక్కా గుర్తు రావడం లేదు. రెండు డబ్బాలు. కత్తెరతో కోసినట్టున్న తొడిమలు. మూడేళ్ళు.

"అబిగేలూ. ఆయన పంపింది ఎప్పుడు?"

"ఏప్రిల్లో అక్కా. చెప్పాను కదా."

"ఈ ఏప్రిల్లోనా?"

"ఈ ఒక్క ఏడే. సచ్ బోల్ రహీ హూఁ, నిజం అక్కా."

"మరి పోయినేడు చిలకలు తిన్నవో? అంతకుముందేడు తిన్నవో?"

అబిగేలు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం ఆపింది.

"పోయినేడు మా తీగ విరగకాసింది అక్కా," అంది నెమ్మదిగా. "నాకెందుకు పంపుతారు?" కాస్త ఆగి, "బావగారు ఇంకెవరికిచ్చారు?" అంది.

ఆ గొంతులో ఉన్న అసూయని మేరి వెంటనే గుర్తుపట్టింది. అది మేరి సొంత తోటలో పండేదే. డిగ్లీపూర్ నేలలో కూడా కాస్తుందని ఇప్పటిదాకా తెలియదు.

ఇద్దరూ ఒక్కసారే గుమ్మం వైపు తిరిగారు. మిఠాయి పళ్ళెం గడప మీద ఉంది. బయట బైకు స్టార్టయి, రోడ్డెక్కి, మలుపు తిరిగిపోయింది.

పెరట్లో ద్రాక్షతీగ పక్కన నీలం చొక్కా ఒక్కటే వాళ్ళకి ఎదురుగా నిలబడి ఉంది.